బి. ఏ. లో రాజనీతి చదివితే ఏమొస్తుంది?

ఇంటర్మీడియట్ ఫలితాలు తెలిసిన మర్నాటినుంచీ మియాపూరులో ఏ అపార్టుమెంటు మెట్లెక్కినా ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: "మీ వాడికి ఏ బ్రాంచి?" బ్రాంచి అంటే ఇంజనీరింగులో బ్రాంచి అని విడమర్చి చెప్పనక్కరలేదు. అందులోనూ కంప్యూటరు బ్రాంచి దొరికినవాళ్ళు అదృష్టవంతులు. దొరకనివాళ్ళు దానికి చుట్టరికం కలిసేదేదో ఒకటి చూసుకుంటారు. తల్లిదండ్రుల ఆశలో తప్పు లేదు. పక్కనే హైటెక్ సిటీ ఉన్నది. ప్రొద్దున్నే కంపెనీ బస్సులు వచ్చి వీధి మొగలో ఆగుతాయి. ఎదురింటి కుర్రవాడు నిన్న ఇంటరు చదివి ఇవాళ ఫ్లాటు కొన్నాడు. కళ్ళెదుట కనబడుతున్న అన్నాన్ని ఎవరు కాదంటారు?

ఇటువంటి చోట ఒక ఆడపిల్ల, "నేను బి. ఏ. లో చేరతాను, పొలిటికల్ సైన్సు చదువుతాను" అన్నదనుకోండి. ఇంట్లో కాసేపు ఎవరూ నోరెత్తరు. తరువాత తండ్రి, "రాజకీయాల్లోకి దిగుతావా ఏమిటి?" అని నవ్వుతాడు. బామ్మ, "మార్కులు తక్కువొచ్చాయా తల్లీ?" అని జాలిపడుతుంది. తల్లి మాత్రం, "రేపు నీ కాళ్ళమీద నువ్వు నిలబడగలవా?" అని అడుగుతుంది. మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పవలసిందే. తల్లి అడిగినదానికి మరీ జాగ్రత్తగా చెప్పాలి.

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. రాజనీతి నా సబ్జెక్టు కాదు. అయితే బి. ఏ. పిల్లలందరూ నా తెలుగు క్లాసులో కూర్చుని తీరాలి గనుక, వాళ్ళు ఎందుకు చేరుతున్నారో, మూడేళ్ళ తరువాత ఏమై వెడుతున్నారో ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నాను. ఆ చూసినదాన్నిబట్టి నాలుగు మాటలు చెబుతాను.

పేరులోనే ఉన్నది చిక్కు

తండ్రి నవ్వుకి కారణం మన భాషలోనే ఉన్నది. "వాడు నామీద రాజకీయం నడిపాడు" అంటాం. "ఆఫీసులో రాజకీయాలు ఎక్కువయ్యాయి" అంటాం. అంటే ఆ మాటకి చాటుమాటు వ్యవహారమనీ, గోతులు తవ్వడమనీ అర్థం స్థిరపడిపోయింది. ఇక దాన్ని శాస్త్రంగా చదువుతానంటే నవ్వరూ మరి!

పాఠ్యపుస్తకాల్లో వాడే పేరు రాజనీతిశాస్త్రం. ఈ పేరుకి మన సాహిత్యంలో పెద్ద వంశమే ఉన్నది. మడికి సింగన అనే కవి పూర్వుల రాజనీతి గ్రంథాలనుంచి పద్యాలు ఏరి 'సకలనీతిసమ్మతము' అనే సంకలనం కూర్చాడు. ఆయన ఉదాహరించిన గ్రంథాల్లో కొన్ని ఈనాడు దొరకనే దొరకవు. శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' నాలుగవ ఆశ్వాసంలో, కోటలు ఎవరికి అప్పగించాలి, వచ్చిన ఆదాయం ఏయే పద్దులక్రింద ఖర్చుపెట్టాలి, మంత్రుల్ని ఎల్లా కనిపెట్టి ఉండాలి అన్న సంగతులన్నీ యామునాచార్యుడు కుమారుడికి ఉపదేశించినట్లు వ్రాశాడు. రాజ్యం చేసినవాడు వ్రాసిన మాటలవి. వట్టి ఊహాగానం కాదు.

ఆ గ్రంథాలన్నిటికీ విద్యార్థి ఒక్కడే, రాకుమారుడు. మిగిలినవాళ్ళకి ఆ చదువుతో పని లేదు. రాజు మంచివాడైతే సుఖపడతారు, కాకపోతే కష్టపడతారు, అంతే. 1950 జనవరి 26 తో ఈ ఏర్పాటు తారుమారయింది. మన రాజ్యాంగం అధికారానికి మూలం ప్రజలే అన్నది. 1951-52 లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలనాటికి ఇంచుమించు 17 కోట్లమంది ఓటర్ల జాబితాలో ఉన్నారు. వాళ్ళలో చాలామందికి అక్షరాలు రావు గనుక ఎన్నికల గుర్తులు పెట్టవలసివచ్చింది. ఆ ఎన్నికలతోనే హైదరాబాదు రాష్ట్రంలో బూర్గుల రామకృష్ణారావుగారి మంత్రివర్గం ఏర్పడింది.

సింహాసనం మారింది గనుక శిష్యుడు కూడా మారాలి కదా! వెనకటికి రాకుమారుడికి చెప్పిన పాఠం ఇప్పుడు ఓటున్న ప్రతివాడికీ చెప్పవలసిందే. బి. ఏ. లో రాజనీతి అంటే ఆ పాఠమే. రాజకీయాల్లోకి దిగడానికి ఈ డిగ్రీ అక్కరలేదని మన శాసనసభ్యుల్ని చూస్తేనే తెలుస్తుంది. ఎవరు ఏ అధికారంతో మనల్ని పాలిస్తున్నారో తెలుసుకోవడానికి మాత్రం అది పనికివస్తుంది.

మూడేళ్ళలో ఏం చెబుతారు?

మన విశ్వవిద్యాలయాల్లో మూడేళ్ళ బి. ఏ. ఆరు సెమిస్టర్లుగా నడుస్తుంది. రాజనీతితోపాటు చరిత్ర, అర్థశాస్త్రం గాని, ప్రభుత్వపాలన గాని జతకలుపుతారు. పాఠాల వరస కాలేజీనిబట్టి ముందు వెనకలవుతుందిగాని, విషయం ఇంచుమించు ఒకటే. రాజ్యం, చట్టం, హక్కు, స్వేచ్ఛ, సమానత్వం అంటే ఏమిటో మొదట చెబుతారు. తరువాత ప్లేటో, అరిస్టాటిల్, హాబ్స్, లాక్, రూసో, మార్క్సు; మనవాళ్ళలో కౌటిల్యుడు, గాంధీజీ, అంబేద్కరు. ఆ పైన మన రాజ్యాంగం, పార్లమెంటు, న్యాయస్థానాలు, రాష్ట్రాలు, పంచాయతీలు. చివరికి దేశాలకీ దేశాలకీ మధ్య నడిచే వ్యవహారం.

జాబితా చదివితే నిద్ర వచ్చేట్టున్నది, నిజమే. కాని లోపలికి వెడితే సంగతి వేరు. ఒక ఉదాహరణ చిత్తగించండి. హెల్మెట్టు పెట్టుకోలేదని పోలీసులు జరిమానా వేస్తే, "పగిలితే నా తలే కదా, సర్కారుకేం నష్టం?" అని మనవాళ్ళు గొణుగుతారు. ఇంగ్లండులో జాన్ స్టూవర్టు మిల్లు 1859 లో స్వేచ్ఛ గూర్చి వ్రాసిన పుస్తకంలో సరిగ్గా ఈ ప్రశ్నే పట్టుకున్నాడు. ఇతరులకి హాని కలిగేటప్పుడు తప్ప, ఒక మనిషి మేలుకోసమే అయినా అతణ్ణి బలవంతపెట్టే హక్కు సంఘానికి లేదన్నాడు. అయితే తల పగిలినవాణ్ణి మోసుకుపోయేది ఎవరు? ఆస్పత్రి ఖర్చు ఎవరిది? వాడిమీద ఆధారపడ్డ భార్యాపిల్లల మాటేమిటి? వాళ్ళు "ఇతరులు" కారా? ఈ వాదం క్లాసులో లేవదీస్తే గంట కొట్టినా పిల్లలు కదలరు.

ఇంకొకటి. ఇంగ్లండులో అంతర్యుద్ధం ముగుస్తున్న రోజుల్లో, 1651 లో, హాబ్స్ అనే ఆయన, అధికారమంటూ లేకపోతే మనుషులు ఒకరినొకరు పీక్కుతింటారు గనుక ఎంత కఠినమైన ప్రభువైనా అరాచకంకంటె మేలే అని వాదించాడు. తరువాత వచ్చిన లాక్, జనం సమ్మతిమీదనే ప్రభుత్వం నిలుస్తుంది, నమ్మకం చెడితే దాన్ని మార్చుకునే హక్కు జనానికి ఉన్నదన్నాడు. ఈ ఇద్దరి తగవూ మనకి కొత్త కాదు. మెయింటెనెన్సు డబ్బు ఇవ్వనివాళ్ళకి నీళ్ళు కట్టేయాలా వద్దా అని అపార్టుమెంటు సంఘం మీటింగులో వాదించుకునేటప్పుడు, పేర్లు తెలియకుండానే సగంమంది హాబ్స్ పక్షాన, సగంమంది లాక్ పక్షాన చేరుతున్నారు.

అరిస్టాటిల్ వట్టి సిద్ధాంతాలతో తృప్తిపడలేదు. శిష్యులతో కలిసి 158 నగరరాజ్యాల రాజ్యాంగాలు పోగుచేయించాడంటారు. ఏ ఊళ్ళో ఎవరు ఏలుతున్నారు, ఎల్లా ఏలుతున్నారు అని సరిపోల్చి చూసినతరువాతే మాట్లాడమన్నాడు. ఈ పద్ధతి పట్టుకుంటే మియాపూరుకంటె మంచి ప్రయోగశాల ఎక్కడా దొరకదు.

మన ఊరే ప్రయోగశాల

మియాపూరు శేరిలింగంపల్లి శాసనసభా నియోజకవర్గంలో ఉన్నది. నియోజకవర్గాల పునర్విభజన జరిగాక, 2009 లో ఇక్కడ మొదటిసారి ఎన్నిక అయింది. ఆ విభజనకి ఆధారం 2001 నాటి జనాభా లెక్కలు. ఆ తరువాత కంపెనీలు వచ్చాయి, అంతస్తులు లేచాయి, దేశం నలుమూలలనుంచీ జనం వచ్చి పడ్డారు. 2023 ఎన్నికలనాటికి ఈ ఒక్క నియోజకవర్గంలో ఓటర్లు 7 లక్షలు దాటారు. అదే ఎన్నికల్లో భద్రాచలం నియోజకవర్గంలో సుమారు లక్షన్నర మంది. ఇక్కడా ఒకే శాసనసభ్యుడు, అక్కడా ఒకే శాసనసభ్యుడు. అంటే మియాపూరువాడి ఓటు భద్రాచలంవాడి ఓటులో అయిదోవంతు బరువు తూగుతున్నదన్నమాట.

ఇది అన్యాయమా? చటుక్కున అవునంటాం. కాని ఆలోచించండి. భద్రాచలం అడవి ప్రాంతం, గిరిజనులకి కేటాయించిన స్థానం. ఊరికీ ఊరికీ మధ్య దూరాలెక్కువ. తలలు లెక్కపెట్టడమొక్కటే ప్రాతినిధ్యమా, లేక దూరాన్నీ, వెనకబాటునీ కూడా లెక్కలోకి తీసుకోవాలా? రాష్ట్రాలమధ్య కూడా ఇదే తగవు. జనాభా అదుపుచేసిన రాష్ట్రాలు నష్టపోగూడదని 1976 లో 42 వ రాజ్యాంగ సవరణ లోక్‌సభలో రాష్ట్రాలవారీ సీట్ల లెక్కని 1971 జనాభా దగ్గర ఆపింది. 2002 లో 84 వ సవరణ ఆ గడువు పొడిగించింది. దక్షిణాది, ఉత్తరాది అంటూ పేపర్లలో చదివే వివాదమంతా ఇక్కడినుంచే పుట్టింది. దీన్ని చదువుకున్న పిల్ల టీవీలో అరుపులు విని అటో ఇటో కొట్టుకుపోదు.

ఇక మన మెట్రో. 2010 లో ప్రైవేటు కంపెనీతో ఒప్పందం కుదిరింది. 2017 నవంబరులో మియాపూరులోనే ప్రారంభోత్సవం జరిగింది. 2025 మే నెలలో ఛార్జీలు పెరిగాయి. పైఛార్జీ 60 రూపాయలనుంచి 75 కి పెంచి, జనం గోలపెట్టగా కొద్దిరోజులకే నూటికి పదివంతున తగ్గించారు. ఆ రోజుల్లో బండిలో నిలబడ్డవాళ్ళు ముఖ్యమంత్రిని తిట్టినవాళ్ళు తిట్టారు, కంపెనీని తిట్టినవాళ్ళు తిట్టారు. అసలు ఛార్జీ పెంచమని సిఫారసు చేసిందెవరు? 2002 నాటి కేంద్ర చట్టం క్రింద, ఒక మాజీ న్యాయమూర్తి అధ్యక్షతన ఏర్పడిన ఛార్జీల నిర్ణయ సంఘం. దానికి మనం ఓటు వేయలేదు. అది శాసనసభకి నేరుగా జవాబు చెప్పుకోదు. మన కాలంలో కరెంటు ధరలవంటివి కూడా ఇటువంటి సంఘాలే నిర్ణయిస్తున్నాయి. రాజకీయ ఒత్తిడి లేకుండా నిపుణులు నిర్ణయించడం మంచిదా, లేక జనం ఎన్నుకున్నవాళ్ళే నిర్ణయించి, తప్పయితే జనంచేత ఓడింపబడడం మంచిదా? ఇది మూడో ఏడు విద్యార్థి పరీక్షలో వ్రాయదగిన ప్రశ్న. అంతకుమించి, టిక్కెట్టు కొనే ప్రతివాడూ అడగదగిన ప్రశ్న.

ఇక్కడికి దగ్గరలోనే గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఉన్నది కదా, దాని పుట్టుక కూడా ఒక రాజనీతి పాఠమే. 1969 లో తెలంగాణా ఉద్యమం, 1972 లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చాయి. రెండు ప్రాంతాలనీ సమాధానపరచడానికి 1973 లో ఆరు సూత్రాల పథకం కుదిరింది. దానిననుసరించి రాజ్యాంగంలో 371-డి, 371-ఇ అధికరణాలు చేరాయి. ఆ రెండవదాని ఆధారంతో పార్లమెంటు చట్టం చేయగా, 1974 లో ఈ విశ్వవిద్యాలయం వెలిసింది. మొదట్లో ఆబిడ్సులో సరోజినీనాయుడుగారి ఇల్లు 'గోల్డెన్ త్రెషోల్డ్'లో నడిచి, తరువాత గచ్చిబౌలికి వచ్చింది. ఇక 371-డి అంటారా, "స్థానికులెవరు, స్థానికేతరులెవరు" అన్న లెక్కకి మూలం అదే. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుంచి వచ్చి మియాపూరులో స్థిరపడ్డ కుటుంబాల్లో, పిల్లలు ఏ తరగతి ఎక్కడ చదివారని సర్టిఫికెట్లు వెతుక్కోని ఇల్లు లేదు. ఆ కాగితాలవెనక అర్ధశతాబ్దపు చరిత్ర ఉన్నదని మాత్రం చాలామందికి తెలియదు.

ఇంతమంది చదువుకున్నవాళ్ళున్న నగరంలో 2020 డిసెంబరులో జరిగిన గ్రేటర్ హైదరాబాదు కార్పొరేషను ఎన్నికల్లో నూటికి 47 మంది కూడా ఓటు వేయలేదు. 2023 లో మన శేరిలింగంపల్లిలో సగంమంది పోలింగు గడప తొక్కలేదు. లక్షల జీతాలు తెచ్చుకునే నేర్పు మనకున్నది. మనది ఏ వార్డో అడిగితే తెల్లమొహం వేస్తాం. రాజనీతి చదువు ఎవరికి కావాలి అంటే, ముందుగా మనకే కావాలి.

చదివినవాళ్ళు ఏం చేశారు?

బామ్మగారి ప్రశ్న మిగిలింది. మార్కులు రానివాళ్ళే ఇది చదువుతారా?

డాక్టరు అంబేద్కరుగారు 1912 లో బొంబాయి విశ్వవిద్యాలయంనుంచి బి. ఏ. ప్యాసయ్యారు. ఆయన పాఠ్యాంశాలు అర్థశాస్త్రం, రాజనీతి. ఆ తరువాతే బరోడా సంస్థానంవారి విద్యార్థివేతనంమీద అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షులైనవారి చదువు ఆ బి. ఏ. తో మొదలయింది.

మన తెలుగువారిలో మామిడిపూడి వెంకటరంగయ్యగారున్నారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనూ, బొంబాయి విశ్వవిద్యాలయంలోనూ రాజనీతి బోధించారు. 1952 లో బొంబాయి నగరంలో జరిగిన సార్వత్రిక ఎన్నికని పరిశీలించి పుస్తకం వ్రాశారు. ఎన్నిక అంటే ఊరేగింపులు, మైకులు మాత్రమే అనుకునే రోజుల్లో, అది పరిశోధించి తెలుసుకోవలసిన విషయమని చూపించారు. ఆంధ్రప్రదేశ్‌లో స్వాతంత్ర్య సమర చరిత్రని నాలుగు సంపుటాలుగా సంపాదకత్వం వహించి వెలువరించినదీ ఆయనే.

మరొకరు ఆచార్య జి. రాంరెడ్డిగారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉండి పంచాయతీరాజ్యం గూర్చి పరిశోధనలు చేశారు, ఆ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులు కూడా అయ్యారు. 1982 లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం స్థాపించినప్పుడు దాని మొదటి ఉపాధ్యక్షులు ఆయనే. మన దేశంలో అటువంటిది అదే మొదటిది. ఇప్పుడు దానికి అంబేద్కరుగారి పేరున్నది. పదవ తరగతి దాటనివాళ్ళు కూడా అర్హతపరీక్ష వ్రాసి బి. ఏ. లో చేరే వీలు అందులో కల్పించారు. చిన్నప్పుడే పెళ్ళయి చదువు ఆగిపోయిన గృహిణులూ, షాపుల్లో పనిచేసేవాళ్ళూ డిగ్రీలు పుచ్చుకున్నారు. తరువాత 1985 లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ ఆయనే మొదటి ఉపాధ్యక్షులయ్యారు. అధికారం ఊరి గడపకి చేరాలని పంచాయతీల గూర్చి పరిశోధించిన మనిషి చదువుని కూడా ఇంటి గడపకి చేర్చాడంటే ఆశ్చర్యమేమున్నది?

అన్నం పెడుతుందా?

ఇంతా విని, ఇక అసలు ప్రశ్నకి రావాలి. మా వీధిలో ఒక ఇల్లాలు తన కూతురి విషయం మాట్లాడడానికి వచ్చి సూటిగా అడిగింది.

"మాస్టారూ, మీరు పెద్దమనుషులు, దాచకుండా చెప్పండి. ఈ చదువు అన్నం పెడుతుందా?"

"మూడో ఏడు పూర్తికాకుండానే కంపెనీవాళ్ళు కాలేజీకి వచ్చి ఉద్యోగమిస్తారనుకుంటే, పెట్టదమ్మా. బి. ఏ. తరువాత ఇంకో రెండు మూడేళ్ళు చదివించే ఓపిక మీకుంటే పెడుతుంది."

"ఆయన రిటైరు కావడానికి నాలుగేళ్ళే ఉన్నది. ఓపిక ఎక్కడినుంచి తెమ్మంటారు?"

"అయితే బి. ఏ. తోపాటు చేతిపని ఒకటి నేర్పించండి. ఇంగ్లీషు తప్పుల్లేకుండా వ్రాయడం, లెక్కల పట్టికలు చదవడం వస్తే చాలు. ఆ పిల్ల వట్టిగా కూర్చోదు."

ఆమెకి చెప్పినదే ఇక్కడ విస్తరించి చెబుతాను. బి. ఏ. రాజనీతి ఒక్కటే చూపి వెంటనే పెద్ద జీతం అడగడానికి వీలులేదు. అది పునాదివంటిది. దానిమీద కట్టుకునే ఇళ్ళు కొన్ని ఉన్నాయి. లాసెట్టు వ్రాసి మూడేళ్ళ ఎల్‌ఎల్. బి. చదివి వకీలు కావచ్చు. రాజ్యాంగం ముందే చదివి ఉంటారు గనుక అక్కడ సగం భయం తీరుతుంది. ఎడ్‌సెట్టు వ్రాసి బి. ఎడ్. చేసి స్కూళ్ళలో సాంఘికశాస్త్రం చెప్పవచ్చు. ఎమ్. ఏ. చేసి కాలేజీ బోధనకి పోవచ్చు. పత్రికలు, ఎన్నికల సర్వేలు, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ పథకాల ఫలితాలు లెక్కకట్టే పరిశోధన సంస్థలు ఉన్నాయి. ఇంటరు కాగానే నేరుగా చేరే అయిదేళ్ళ ఎమ్. ఏ. రాజనీతి కోర్సు గచ్చిబౌలి విశ్వవిద్యాలయంలోనే ఉన్నది. దానికి దేశమంతటికీ ఒకే ప్రవేశపరీక్ష వ్రాయాలి.

ఐ. ఏ. ఎస్., గ్రూపు పరీక్షల మాట చెప్పకుండా ఈ సంగతి ముగియదు. బి. ఏ. లో చేరే పిల్లల్లో చాలామంది కళ్ళు వాటిమీదనే. రాజ్యాంగం, పరిపాలన ఆ పరీక్షల్లో ముఖ్యభాగమే గనుక రాజనీతి చదివినవాళ్ళకి కొంత లాభమున్నమాట నిజం. కాని వ్రాసేవాళ్ళు లక్షలు, ఉద్యోగాలు వందలు. అశోక్ నగర్ గదుల్లో అయిదారేళ్ళు గడిపి, వయసు మీరి ఇంటికి తిరిగివచ్చిన బిడ్డలు మన చుట్టుప్రక్కల లేకపోలేదు. ఆ పరీక్షలు వ్రాయవద్దనను. ఇన్నిసార్లు వ్రాస్తాను, ఆ తరువాత ఇది చేస్తాను అని ముందే గీత గీసుకుని వ్రాయమంటాను. పిల్ల ఆ గీత గీసుకోలేకపోతే తల్లిదండ్రులే కూర్చోబెట్టి గీయించాలి.

కాలేజీలో చేరేముందు చూడవలసినవి

రాజనీతి చదువుకి చెడ్డపేరు తెచ్చినవి గైడు పుస్తకాలు. పరీక్షకి పది రోజులముందు కొని, పది ప్రశ్నలు బట్టీపట్టి, సార్వభౌమాధికారానికి ఆరు లక్షణాలు అంకెలు వేసి వ్రాసివచ్చే పిల్లలు ఎక్కువ. వాళ్ళకి మార్కులు వస్తాయిగాని, మెట్రో ఛార్జీ ఎవరు పెంచారో అడిగితే చెప్పలేరు. అటువంటి చదువు చదివితే మూడేళ్ళు వృథా అన్న తల్లిదండ్రుల మాట అక్షరాలా నిజం.

డిగ్రీ సీట్లు 2016 నుంచి 'దోస్త్' అనే ఆన్‌లైను పద్ధతిలో ఇస్తున్నారు. ఇంట్లో కూర్చుని కాలేజీల పేర్లు వరసగా నొక్కేస్తే సరిపోతుంది. ఆ సౌకర్యంవల్ల కాలేజీ మొహం చూడకుండానే చేరేవాళ్ళు ఎక్కువయ్యారు. దయచేసి అల్లా చేయకండి. ఒకసారి స్వయంగా వెళ్ళి నాలుగు సంగతులు చూడండి. రాజనీతి చెప్పడానికి ఆ సబ్జెక్టులో ఎమ్. ఏ. చేసిన లెక్చరరు ఉన్నారా, లేక చరిత్ర చెప్పేవారే అదీ లాగిస్తున్నారా? లైబ్రరీలో రాజ్యాంగం ప్రతి ఉన్నదా, దాని అట్ట నలిగి ఉన్నదా, కొత్తగానే ఉన్నదా? పిల్లలచేత వ్యాసాలు వ్రాయించి దిద్దుతారా? శాసనసభకో, కోర్టుకో, పంచాయతీకో ఏడాదికొక్కసారయినా తీసుకువెడతారా? ఈ నాలుగింట్లో రెండింటికైనా అవునని జవాబు రాని కాలేజీకి, భవనం ఎంత పెద్దదైనా, పిల్లని పంపవద్దు.

తెలుగులో చదవాలా, ఇంగ్లీషులోనా అని కూడా అడుగుతారు. తెలుగు చెప్పుకు బ్రతికేవాణ్ణి, నా జవాబు మీకు తెలిసినదే అనుకోవచ్చు. సగమే తెలుసు. ఆలోచన తెలుగులో నేర్చుకోవడం సుఖం. "స్వేచ్ఛ" అన్న మాట పిల్ల మనసుకి పట్టినంతగా పరాయిమాట పట్టదు. కాని పెద్ద పుస్తకాలూ, తీర్పులూ, పైచదువులూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. కాబట్టి మొదటి ఏడాదినుంచే రోజుకి ఒక ఇంగ్లీషు సంపాదకీయం చదివి, దాని సారం తెలుగులో పది వాక్యాలు వ్రాసే అలవాటు చేయించండి. రెండు భాషలూ బాగుపడతాయి.

ఇంతకీ ఆ ఇల్లాలి కూతురు బి. ఏ. లో చేరింది. ఇప్పుడు రెండో ఏడు. సాయంత్రాలు చిన్నపిల్లలకి ట్యూషన్లు చెప్పి తన ఫీజు తానే కట్టుకుంటున్నది. ఆ పిల్ల ఏమవుతుందో ఇప్పుడే చెప్పడం తొందరపాటు. కాని మొన్న వానలకి వాళ్ళ అపార్టుమెంటు ముందు మోకాటిలోతు నీళ్ళు నిలిచాయి. సంఘం మీటింగులో పెద్దలందరూ సర్కారుని తిట్టిపోస్తుంటే ఈ పిల్ల లేచి, "నిలిచినది వాననీరా, మురుగునీరా? మురుగైతే జలమండలికి వ్రాయాలి. వాననీటి కాలువైతే కార్పొరేషనుకి వ్రాయాలి. జవాబు రాకపోతే 2005 సమాచారహక్కు చట్టం క్రింద అడగవచ్చు" అన్నదట. అర్జీ కూడా తనే వ్రాసింది. పెద్దలు సంతకాలు పెట్టారు.

ఆమె తండ్రి నాతో చెబుతూ, "ఇన్నేళ్ళనుంచి ఇక్కడుంటున్నాం మాస్టారూ, ఎవరికి వ్రాయాలో ఇంతవరకూ మాకే తెలియదు" అన్నాడు. కాలువ ఇంకా బాగుపడలేదు. అర్జీ నెంబరు మాత్రం ఆ పిల్ల నోటుపుస్తకంలో ఉన్నది.